ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీ: ఐదో చాప్టర్ నుంచి మొదలుపెట్టండి

జూన్‌లో పుస్తకాలు చేతికి రాగానే అందరూ మొదటి చాప్టర్ తెరుస్తారు. పరమాణు నిర్మాణం. బోర్ నమూనా, హైడ్రోజన్ వర్ణపటం, క్వాంటమ్ సంఖ్యలు. జులై వచ్చేసరికి సగం మంది "కెమిస్ట్రీ మనకు ఎక్కదు" అని తీర్మానం చేసేసుకుంటారు. నేను పెద్దపల్లి వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. ఎంపీసీ అయినా బైపీసీ అయినా మా పిల్లలకు మొదటి రోజు చెప్పేది ఒకటే: తెలుగు అకాడమీ పుస్తకంలో ఐదో చాప్టర్, స్టాయికియోమెట్రీ, అంటే పదార్థాల లెక్కల్ని మోల్స్‌లో చేసే చాప్టర్, ముందు తియ్యండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం చదివేవాళ్ళకు ఈ బాధ లేదు, అందులో మోల్ మొదటి చాప్టర్‌లోనే ఉంటుంది.

కారణం చెప్తాను. వాయువుల సమీకరణంలో మోల్ ఉంది. ఉష్ణగతికంలో ప్రతి అంకె పక్కన "మోల్‌కు ఇన్ని కిలోజౌళ్ళు" అని ఉంటుంది. సమతాస్థితిలో చాలా లెక్కలు మొలారిటీతోనే, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయన్న దానితోనే, నడుస్తాయి. సెకండియర్‌లో ద్రావణాలు, ఎలక్ట్రోకెమిస్ట్రీ మొత్తం దాని మీదే నడుస్తాయి. మోల్ రాకుండా ముందుకు పోతే ప్రతి చాప్టర్ కొత్తగా భయపెడుతుంది. అది వస్తే మిగిలిన లెక్కల్లో చాలావరకు పాత లెక్కే కొత్త వేషంలో కనిపిస్తుంది.

మోల్‌ని చేత్తో పట్టుకోండి

మోల్ అంటే 6.022 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యను కచ్చితంగా 6.02214076 × 10²³ అని స్థిరపరిచారు. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అని చెప్పేవారు. పాత గైడ్లలో ఇప్పటికీ ఆ నిర్వచనమే కనిపిస్తుంది, కంగారు పడకండి.

నిర్వచనం వల్లె వేస్తే మోల్ రాదు. దగ్గు మందు సీసా మూతకు గీతలుంటాయి కదా, దాంతో 18 మి.లీ. నీళ్ళు కొలిచి అరచేతిలో పోసుకోండి. అది ఒక మోల్ నీళ్ళు. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా మీద 58.5 గ్రాముల ఉప్పు తూచమనండి, అదొక మోల్. చక్కెర అయితే 342 గ్రాములు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బరువులు వేరు, కుప్పలు వేరు, సంఖ్య ఒకటే. ఈ ఒక్క సంగతి కంటికి కనిపించాక గ్రాముల్ని మోల్స్‌లోకి మార్చడానికి సూత్రం అడగాల్సిన పని ఉండదు.

తర్వాత ఇంట్లో ఉన్న వాటితో లెక్కలు చెయ్యండి. మాది వ్యవసాయం చేసే ఊళ్ళు, కాబట్టి నేను యూరియా బస్తాతో మొదలుపెడతాను. బస్తా 45 కిలోలు, దాని మీద నత్రజని 46 శాతం అని రాసి ఉంటుంది. ఆ 46 ఎక్కడి నుంచి వచ్చింది? యూరియా అణువులో రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు, ఒక కార్బన్, ఒక ఆక్సిజన్. 28, 4, 12, 16 కలిపితే 60. అరవైలో ఇరవై ఎనిమిది అంటే 46.67 శాతం. బస్తాలోది పూర్తి శుద్ధమైన యూరియా కాదు కాబట్టి 46 అని వేస్తారు. అంటే ఒక బస్తా చల్లితే పొలంలోకి పోయే నత్రజని 20.7 కిలోలు. ఇది నోట్సులో రాసుకున్న ఒకబ్బాయి ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నకు లెక్క చెప్పాడట. "మిగతా 24 కిలోలకు పైసలు ఎందుకు తీసుకుంటున్నరు?" అని ఆయన అడిగాడట. మంచి ప్రశ్నే.

ఇక సమీకరణం మీద లెక్క. వంట గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. నిజానికి అది ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. లెక్క కోసం అంతా బ్యూటేనే అనుకుందాం. బ్యూటేన్ అణువులో నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు, అణుభారం 58. రెండు బ్యూటేన్‌లు పదమూడు ఆక్సిజన్ అణువులతో కలిసి మండి ఎనిమిది కార్బన్ డయాక్సైడ్‌లు, పది నీటి అణువులు ఇస్తాయి. ముందు మోల్స్: 14,200 గ్రాములను 58తో భాగిస్తే సుమారు 244.8 మోల్స్. దానికి నాలుగు రెట్లు, అంటే 979 మోల్స్ కార్బన్ డయాక్సైడ్. ఒక్కో మోల్ 44 గ్రాములు కనుక 43.1 కిలోలు.

పద్నాలుగు కిలోల గ్యాస్ నుంచి నలభై మూడు కిలోలా? ఇక్కడ క్లాసులో ఎప్పుడూ గోల లేస్తుంది. ఆ గోల లేవాలి కూడా. మిగిలిన బరువు గాలిలోంచి వచ్చింది. ఆక్సిజన్ కూడా లెక్కించండి: 50.9 కిలోలు. నీళ్ళు 22.0 కిలోలు. ఎడమవైపు 14.2, 50.9 కలిపితే 65.1. కుడివైపు 43.1, 22.0 కలిపితే 65.1. లెక్క సరిపోయింది. స్టాయికియోమెట్రీలో ఏ లెక్క చేసినా చివర్లో ఇలా రెండు వైపులా బరువులు కూడి చూసుకోండి. సరిపోలేదంటే ఎక్కడో సమీకరణం తూకం తప్పింది. జవాబుల పేజీ తిరగేయకుండానే మీ తప్పు మీకే తెలిసిపోతుంది.

పరిమిత కారకం, అంటే చర్యలో ముందుగా అయిపోయే పదార్థం, దగ్గర చాలామంది తప్పులో పడతారు. 28 గ్రాముల నైట్రోజన్, 8 గ్రాముల హైడ్రోజన్ కలిపితే ఎంత అమ్మోనియా వస్తుంది అని అడిగితే, హైడ్రోజన్ తక్కువ ఉంది కాబట్టి అదే ముందు అయిపోతుంది అంటారు. గ్రాములు చూసి చెప్పిన మాట అది. మోల్స్‌లో చూస్తే నైట్రోజన్ 1, హైడ్రోజన్ 4. ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్స్ హైడ్రోజన్ చాలు. అయిపోయేది నైట్రోజనే. వచ్చేది 34 గ్రాముల అమ్మోనియా, మిగిలేది 2 గ్రాముల హైడ్రోజన్. పెళ్ళి భోజనాల్లో విస్తరికి రెండు లడ్డూలు వెయ్యాలంటే నూట యాభై లడ్డూలు డెబ్భై అయిదు మందికే వస్తాయి, విస్తర్లు వంద ఉన్నా సరే. లెక్క ఎప్పుడూ నిష్పత్తి మీదే.

ఇంకొకటి: ఎస్‌టీపీ (ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర ఒక మోల్ వాయువు ఘనపరిమాణం 22.4 లీటర్లా, 22.7 లీటర్లా? పీడనం 1 అట్మాస్ఫియర్ అంటే 22.4, 1 బార్ అంటే 22.7. ఉష్ణోగ్రత రెండింటిలోనూ 273 కెల్విన్‌లే. ప్రశ్నలో పీడనం ఏమిచ్చారో చూసి రాయండి.

యూనిట్లు రాయకపోతే నేను మార్కు వెయ్యను

మా పిల్లలు నన్ను తిట్టుకునేది దీనికే. ప్రతి వరుసలో, ప్రతి అంకె పక్కన యూనిట్ ఉండాల్సిందే. చివర్లో ఒక్కసారి తగిలిస్తే చెల్లదు. ఎందుకో ఒక లెక్కలో చూపిస్తాను.

నీళ్ళు ఆవిరి కావడానికి ఎంథాల్పీ మార్పు మోల్‌కు 40.7 కిలోజౌళ్ళు, ఎంట్రోపీ మార్పు కెల్విన్‌కు, మోల్‌కు 109 జౌళ్ళు. 373 కెల్విన్ దగ్గర గిబ్స్ శక్తి మార్పు (ఎంథాల్పీ మార్పులోంచి ఉష్ణోగ్రత, ఎంట్రోపీ మార్పుల లబ్ధం తీసేస్తే వచ్చేది) ఎంత? యూనిట్లు రాయనివాళ్ళు 109ని 373తో గుణించి 40,657 తెచ్చి, 40.7లోంచి తీసేసి మైనస్ 40,616 అని రాసి పెన్ను మూసేస్తారు. ఒకటి కిలోజౌళ్ళలో ఉంది, రెండోది జౌళ్ళలో ఉంది. 40,657 జౌళ్ళంటే 40.7 కిలోజౌళ్ళు. జవాబు దాదాపు సున్నా. సున్నానే రావాలి, ఎందుకంటే 373 కెల్విన్ దగ్గర నీళ్ళు మరుగుతాయి, ద్రవం ఆవిరి రెండూ సమతాస్థితిలో ఉంటాయి. ఆ మైనస్ నలభై వేలను చూడగానే "ఇదేంటి, ఇలా ఎందుకొచ్చింది?" అనే అనుమానం రావాలి. అది రావాలంటే జవాబు కింద గీత గీసేముందు ఒక్క నిమిషం దానికి అర్థం ఏమిటని అడగాలి.

వాయు స్థిరాంకం కూడా అంతే. పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఉంటే 0.0821. శక్తి లెక్కలకు 8.314 జౌళ్ళు. సెల్సియస్ కనిపిస్తే వెంటనే 273 కలపండి.

బైపీసీ పిల్లలకు ఒక మాట. లాగరిథమ్‌లు అనగానే "మాకు మ్యాథ్స్ లేదు మేడం" అంటారు. పీహెచ్ లెక్కలకు కావలసినవి మూడంటే మూడు: 2 లాగ్ 0.301, 3 లాగ్ 0.477, 5 లాగ్ 0.699. మిగతావి చాలావరకు వీటితోనే వస్తాయి. 4 కావాలంటే 2ది రెట్టింపు, 6 కావాలంటే 2ది 3ది కూడిక. కాకపోతే బుర్ర పక్కన పెట్టి చేస్తే పీహెచ్ కూడా మోసం చేస్తుంది. 10⁻⁸ మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 అని రాసేస్తారు. ఆమ్లానికి 8 ఎలా వస్తుంది? నీళ్ళలో సహజంగా ఉండే హైడ్రోజన్ అయాన్లను కూడా కలుపుకుంటే 6.98 వస్తుంది.

శనగలు, చీపురు పుల్లలు

రసాయన బంధం చాప్టర్‌ని బట్టీ పట్టినవాళ్ళకు ఆర్గానిక్ కూడా బట్టీ పట్టక తప్పదు. అందుకని దీనికి ఒక పూట పెట్టుకోండి. రాత్రి గుప్పెడు శనగలు నానబెట్టండి. తెల్లారి చీపురు పుల్లలు మూడు అంగుళాల చొప్పున విరుచుకోండి.

ఒక శనగ తీసుకుని నాలుగు పుల్లలు గుచ్చి మీథేన్ చెయ్యమంటే అందరూ ముందు కూడిక గుర్తులా బల్ల మీద పడుకోబెట్టి గుచ్చుతారు. కాగితం మీద అలాగే గీస్తాం కదా, ఆ అలవాటు. అప్పుడు పుల్లల మధ్య కోణం 90 డిగ్రీలు. ఇప్పుడు నాలుగు పుల్లల చివర్లూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండేలా సర్దండి. మూడు కాళ్ళ మీద నిలబడి నాలుగోది పైకి చూసే ఆకారం వస్తుంది. అదే చతుర్ముఖి, కోణం 109.5 డిగ్రీలు. ఎలక్ట్రాన్ జంటలు ఒకదాన్నొకటి తోసుకోవడం అంటే ఇదే. అమ్మోనియాలో ఒక పుల్ల స్థానంలో ఒంటరి జంట (బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంట) ఉంటుంది. అది ఎక్కువ చోటు ఆక్రమించి మిగతా మూడింటినీ దగ్గరకు నెడుతుంది, అందుకే 107. నీళ్ళలో అలాంటి జంటలు రెండు, అందుకే 104.5. ఇక ఈ మూడు అంకెల్ని గుర్తుపెట్టుకోవడానికి ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు.

అసలు మజా దీని తర్వాతే. రెండు శనగల్ని ఒకే పుల్లతో కలిపి, రెండో శనగను తిప్పండి. తిరుగుతుంది. అది ఈథేన్. ఇప్పుడు రెండు పుల్లలు పక్కపక్కన గుచ్చి కలపండి. తిప్పబోతే పుల్ల విరుగుతుంది గానీ శనగ తిరగదు. అది ఈథీన్. నిజమైన పై (π) బంధం రెండో పుల్ల లాంటిది కాదు, కక్ష్యకాలు (ఆర్బిటాల్‌లు) పక్కపక్కన అతివ్యాప్తం చెందడం వల్ల ఏర్పడేది. కానీ తిరగదు అన్న సంగతి మాత్రం నిజమే. ఒక్కో శనగకు ఒక వైపు పొడుగు పుల్ల, ఒక వైపు పొట్టి పుల్ల గుచ్చి చూడండి. రెండు పొడుగు పుల్లలూ ఒకే వైపు ఉంటే సిస్, ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్. నాలుగు నెలల తర్వాత ఆర్గానిక్‌లో జ్యామితీయ సాదృశ్యం వచ్చినప్పుడు ఈ శనగలు గుర్తొస్తాయి. ఈగలు ముసిరేలోపు పారెయ్యండి, లేదంటే గుగ్గిళ్ళు చేసుకోండి.

ఆవర్తన పట్టిక: తిరగబడే చోట్లు చూడండి

1 నుంచి 30 వరకు మూలకాల ఎలక్ట్రాన్ విన్యాసాలు చూడకుండా రాయగలగాలి. ఇది ఒక వారం పని, తప్పించుకునే దారి లేదు. క్రోమియం, కాపర్ దగ్గర మాత్రం ఆగండి. క్రోమియంలో 3డీలో ఐదు, 4ఎస్‌లో ఒకటి. కాపర్‌లో 3డీలో పది, 4ఎస్‌లో ఒకటి.

ధోరణుల్ని "పీరియడ్‌లో పెరుగును, గ్రూపులో తగ్గును" అని నేర్చుకుంటే రెండు మార్కులు వస్తాయి. నాలుగు మార్కుల ప్రశ్నలు మాత్రం ఆ ధోరణి తిరగబడే చోట అడుగుతారు. బెరీలియం అయనీకరణ ఎంథాల్పీ (పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను తీసెయ్యడానికి కావలసిన శక్తి) మోల్‌కు 899 కిలోజౌళ్ళయితే దాని తర్వాతి బోరాన్‌ది 801. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314. పెరగాల్సింది ఎందుకు తగ్గింది? బెరీలియంలో 2ఎస్ నిండి ఉంది, నైట్రోజన్‌లో 2పీ సరిగ్గా సగం నిండింది, అలాంటి అమరికలోంచి ఎలక్ట్రాన్‌ను లాగడం కష్టం. ఒక గ్రాఫ్ కాగితం మీద మొదటి ఇరవై మూలకాల విలువలు పెట్టి గీత కలపండి. గీత ఎక్కడెక్కడ కిందికి దిగిందో అక్కడ పెన్సిల్‌తో కారణం రాసుకోండి. ఆ కాగితం గోడకు అంటించుకుంటే చాలు, దానికి గైడ్ అక్కర్లేదు.

ఇనార్గానిక్‌ని విడిగా కూర్చుని చదవకండి

ఎస్-బ్లాక్, 13, 14 గ్రూపులు. నిజం చెప్పాలంటే వీటిని చదవడానికి నాకే విసుగు. రోజూ పదిహేను నిమిషాలు చాలు, ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే ఏమీ మిగలదు. వీలైనన్ని చర్యల్ని ఇంట్లో చూడండి. ఉప్పు వేసిన పప్పు పొంగి పొయ్యి మీద పడితే మంట పసుపు రంగులోకి మారుతుంది, అది సోడియం.

తాంబూలం సున్నం కొంచెం తీసుకుని గ్లాసెడు నీళ్ళలో కలిపి రాత్రంతా కదపకుండా పెట్టండి. పైన తేరిన నీటిని మరో గ్లాసులోకి వంచి, ఇంకొన్ని నీళ్ళు పోసి పలుచన చేసి, స్ట్రాతో మెల్లగా ఊదండి. పీల్చకూడదు, ఊదాలి. పాలలా అవుతుంది: కాల్షియం కార్బొనేట్. ఓపిగ్గా ఊదుతూ పోతే మళ్ళీ తేటపడుతుంది: కాల్షియం బైకార్బొనేట్. ఆ తేట నీటిని మరగబెడితే మళ్ళీ తెల్లదనం: కార్బన్ డయాక్సైడ్ పోయి కార్బొనేట్ మిగిలింది. మన బోరు నీళ్ళు కాచే హీటర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొర ఎక్కువగా ఇదే. తాత్కాలిక కాఠిన్యం, దాన్ని తొలగించే పద్ధతి, మూడు సమీకరణాలు ఒక గ్లాసులో అయిపోయాయి. పొడి సున్నం (కాల్షియం ఆక్సైడ్) జోలికి మాత్రం పోకండి, నీళ్ళు తగిలితే ఉడుకుతుంది, కంట్లో పడితే ప్రమాదం.

సమతాస్థితిలో లీ షాట్లియర్ సూత్రానికి, అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిని మించిన ఉదాహరణ లేదు. మా పక్కనే రామగుండంలో యూరియా ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మాకది సొంత సంగతి. అమ్మోనియా తయారీ వేడిని విడుదల చేసే చర్య. సూత్రం ప్రకారం చల్లగా ఉంచితేనే ఎక్కువ రావాలి. మరి ఎందుకు వేడి చేస్తారు? చల్లగా ఉంటే చర్య కదలదు, రోజులు పడుతుంది. అందుకే రాబడి కొంత వదులుకుని వేడితో, ఐరన్ ఉత్ప్రేరకంతో వేగం తెచ్చుకుంటారు, ఎక్కువ పీడనంతో ఆ నష్టం పూడ్చుకుంటారు. ఎనిమిది మార్కుల జవాబులో ఈ "ఎందుకు" రాసినవాళ్ళ పేపరు దిద్దేటప్పుడు విడిగా కనిపిస్తుంది.

ఆర్గానిక్, భాష, పరీక్ష

ఆర్గానిక్‌ని జనవరికి వదిలేసేవాళ్ళే ఎక్కువ. పుస్తకంలో చివర ఉంది కదా అని. దసరా సెలవుల్లోనే మొదలుపెట్టండి. నామకరణం రోజుకు ఐదు నిర్మాణాలు చేత్తో గీసి పేరు పెట్టడం, అంతే. చర్యలకు ఒక పెద్ద కాగితం మధ్యలో ఈథీన్ రాసి, దాని నుంచి ఎక్కడికెళ్ళొచ్చో, ఎక్కడి నుంచి రావచ్చో బాణాలు గీస్తూ, బాణం మీద కారకం రాస్తూ పోండి. వీడియో చూసినంతసేపు అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి అదే చర్యను తెల్ల కాగితం మీద రాయండి, వచ్చిందో లేదో అక్కడ తేలిపోతుంది.

పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇక్కడ ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్ళు సిగ్గుపడకుండా తెలుగు మీడియం పుస్తకం కూడా లైబ్రరీ నుంచి తెచ్చుకోండి. విషయం తెలుగులో చదివి అర్థం చేసుకుని, జవాబు ఇంగ్లిష్ పుస్తకం చూసి రాయడం ప్రాక్టీస్ చెయ్యండి. రెండు మూడు నెలల్లో తెలుగు పుస్తకం దానంతటదే అవసరం తగ్గిపోతుంది.

ప్రతి క్లాసులో వినే ప్రశ్న "మేడం, ఇది ఇంపార్టెంటా?" పాత పేపర్లు మీరే చూడండి. మా దగ్గర ఏళ్ళుగా నడిచిన థియరీ పేపరు 60 మార్కులది: రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు రాయాలి. బోర్డులు సిలబస్, పేపరు తీరు మారుస్తుంటాయి కాబట్టి మీ ఏడాది మోడల్ పేపరు ముందే చూసుకోండి. ఈ తీరు పేపర్లో ఎక్కువ మంది పోగొట్టుకునేది ఎనిమిది మార్కుల దగ్గర కాదు, రెండు మార్కుల దగ్గర. పదీ వదలకుండా రాయాలి, ఛాయిస్ ఉండదు. ప్రతి చాప్టర్ చివర ఉండే చిన్న ప్రశ్నలకు రెండేసి వాక్యాల్లో జవాబులు ఒక సన్న నోట్‌బుక్‌లో రాసుకుంటూ రండి. పరీక్షలో ఆ పదింటినీ ఒకే చోట, ప్రశ్నపత్రంలోని వరుసలోనే రాయమని సూచన ఉంటుంది. ఏదైనా గుర్తు రాకపోతే నెంబరు వేసి నాలుగు లైన్లు ఖాళీ వదిలి ముందుకెళ్ళండి. చివరి పది నిమిషాల్లో తిరిగి వచ్చి నింపొచ్చు. అప్పటికీ రాకపోతే సంబంధం ఉన్న సమీకరణమైనా తూకం చేసి రాయండి.